వైర్‌లెస్ ఓబీడీ అడాప్టర్లలో నిజంగా మారింది ఏమిటి? పాత పెట్రోలు కారుకూ కొత్త విద్యుత్ కారుకూ ఒకటే సరిపోతుందా?

పాతకారు_కొత్తఫోను (ప్రశ్న)

అందరికీ నమస్కారం. స్టీరింగ్ కింద ఉండే పదహారు పిన్నుల ఓబీడీ (కారు తన లోపాలను తానే కనిపెట్టి చెప్పే వ్యవస్థ) సాకెట్‌కు తగిలించి, ఫోనులో ఇంజిన్ వివరాలు చూసుకునే బ్లూటూత్ అడాప్టర్ ఒకటి నా దగ్గర చాలా కాలంగా ఉంది. దాని మీద ఈఎల్‌ఎమ్ 327 అని, వెర్షన్ 2.1 అని అచ్చువేసి ఉంటుంది. ఆండ్రాయిడ్ ఫోను వాడినన్నాళ్లూ, పాత పెట్రోలు కారులో చెక్ ఇంజిన్ లైటు వెలిగినప్పుడు కోడ్ ఏమిటో చూసుకోవడానికీ, ఎక్కువ దూరం నడిపేటప్పుడు కూలెంట్ ఉష్ణోగ్రతను గమనించడానికీ అది బాగానే పనికివచ్చింది.

ఇప్పుడు రెండు చిక్కులు వచ్చాయి. ఐఫోనుకు మారిన తరువాత ఏ యాప్ కూడా ఆ అడాప్టర్‌ను గుర్తించడం లేదు. అది అలా ఉండగా, ఇంట్లోకి కొత్తగా వచ్చిన విద్యుత్ కారుకు అదే అడాప్టర్‌ను తగిలించి, మరొకరి ఆండ్రాయిడ్ ఫోనుతో చూస్తే, కనెక్షన్ కుదిరినట్టే చూపుతుంది గాని, బ్యాటరీ సెల్ వోల్టేజీలు అడిగేసరికి "నో డేటా" అనో, సగంలో తెగిపోయిన అంకెలనో ఇస్తోంది.

కొత్తది కొందామని చూస్తే బ్లూటూత్ 4.0 అని, 5.0 అని, వైఫై అని రకరకాలుగా రాసి ఉన్నాయి. సంఖ్య పెరిగితే వేగం పెరుగుతుందని నమ్మవచ్చా? ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ వంటి వాటి కోడ్‌లు, విద్యుత్ కారులో సెల్ వివరాలు చదవగలగడం అడాప్టర్ మీద ఆధారపడుతుందా, యాప్ మీదనా, కారు మీదనా? దాన్ని ఎప్పుడూ సాకెట్‌కే వదిలేస్తే ప్రమాదమేమైనా ఉందా? ఈ విషయాల్లో లోతుగా తెలిసినవారు వివరించగలరని కోరుతున్నాను.

సర్క్యూట్‌బోర్డు

పాతకారు గారూ, పెట్టె మీది బ్లూటూత్ సంఖ్య గురించి ముందుగా చెబుతాను, ఎందుకంటే కొనేవారిని ఎక్కువగా తప్పుదారి పట్టించేది అదే. యాప్‌కూ కారుకూ మధ్య నడిచే సంభాషణ చాలా చిన్నది. ఇంజిన్ వేగం ఎంత అని తెలుసుకోవడానికి యాప్ 010సీ అనే నాలుగు అక్షరాలు పంపుతుంది. ఇంజిన్ కంప్యూటర్ 41 0సీ 1ఏ ఎఫ్8 అని నాలుగు బైట్లలో జవాబిస్తుంది. చివరి రెండు బైట్లను మామూలు సంఖ్యల్లోకి మారిస్తే 26, 248 వస్తాయి. 26ను 256తో గుణించి, దానికి 248 కలిపి, మొత్తాన్ని నాలుగుతో భాగిస్తే నిమిషానికి 1726 చుట్లు అని తేలుతుంది. ఇంత చిన్న సమాచారాన్ని మోయడానికి తొలితరం బ్లూటూత్ కూడా అవసరానికి మించినదే.

ఆలస్యమంతా మరో రెండు చోట్ల జరుగుతుంది. మొదటిది కారు వైపు. కె-లైన్ అనే ఒంటి తీగ మీద నడిచే ఐఎస్‌ఓ 9141-2, కేడబ్ల్యూపీ 2000 ప్రోటోకాళ్లు (సంభాషణ నియమాలు) సెకనుకు 10,400 బిట్ల వేగానికే పరిమితం. అమెరికాలో 2008 మోడళ్ల నుంచి తప్పనిసరి అయిన క్యాన్ బస్సు (కారులోని కంట్రోలర్లన్నీ మాట్లాడుకునే తీగల జత) అయితే సాధారణంగా సెకనుకు 5 లక్షల బిట్లు మోస్తుంది. మీ పెట్రోలు కారు మొదటి రకానిదైతే ఏ అడాప్టర్ కొన్నా మీటరు ముల్లు కుదుపులతోనే కదులుతుంది.

రెండవది అడాప్టర్ లోపలి చిప్. అసలు ఈఎల్‌ఎమ్ 327 అనేది కెనడాకు చెందిన ఎల్మ్ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఒక మైక్రోచిప్ పిక్ కంట్రోలర్‌లో తన ప్రోగ్రామును నింపి 2005లో తెచ్చిన చిప్. ఆరేడు రకాల కారు ప్రోటోకాళ్లను అది తానే చూసుకుని, అవతలి వైపుకు మామూలు సీరియల్ పోర్టులో పాత మోడెముల తరహా ఏటీ ఆదేశాలతో మాట్లాడేది కాబట్టి, యాప్ రాసేవారి పని ఒక్కసారిగా సులువైపోయింది. అయితే తొలి వెర్షన్‌లో ప్రోగ్రామును కాపీ చేయకుండా అడ్డుకునే రక్షణ పెట్టలేదు. దాంతో నకళ్లు మార్కెట్‌ను ముంచెత్తాయి. అసలు సంస్థ 2022లో మూతపడింది. నకళ్లు మాత్రం ఇప్పటికీ తయారవుతూనే ఉన్నాయి. మీ అడాప్టర్ మీది 2.1 అనే సంఖ్యకు అర్థం దాదాపుగా లేదు. వెర్షన్ ఏమిటని అడిగినప్పుడు ఆ అంకెను జవాబుగా చెప్పమని ప్రోగ్రాములో రాసుకున్నారు, అంతే. ఆ వెర్షన్ అర్థం చేసుకోవలసిన ఆదేశాల్లో చాలావాటికి అది ప్రశ్నార్థకం గుర్తు మాత్రమే తిరిగి పంపుతుంది. మెమరీ కూడా కోత పెట్టినదే కనుక, పొడవైన జవాబు వస్తే సగంలో తెగిపోతుంది. మీ విద్యుత్ కారులో మీరు చూసినది అదేనని నా అంచనా.

దానికి కారణం కాస్త వివరంగా చెప్పాలి. క్యాన్ బస్సులో ఒక్క ఫ్రేము (ఒక విడత సందేశం) 8 బైట్ల సమాచారాన్ని మాత్రమే మోస్తుంది. బ్యాటరీలో శ్రేణిగా కలిపిన 96 సెల్‌ల వోల్టేజీలు ఒక్కొక్కటి రెండు బైట్లుగా రావాలంటే 192 బైట్లు కావాలి. అంటే జవాబు సుమారు 28 ఫ్రేములుగా విడిపోవాలి. ఐఎస్‌ఓ 15765-2 నియమం ప్రకారం కారులోని కంట్రోలర్ మొదటి ఫ్రేము పంపి ఆగుతుంది. అడిగినవారు "మిగతావి పంపవచ్చు, ఇంత వ్యవధిలో పంపు" అని ఫ్లో కంట్రోల్ ఫ్రేము ఒకటి తిరిగి పంపితేనే తక్కినవి వస్తాయి. ఇంజిన్ కంప్యూటర్ చిరునామాలు ప్రామాణికమైనవి కాబట్టి అక్కడ ఆ ఫ్రేమును నకలు చిప్ కూడా సరిగానే పంపగలదు. బ్యాటరీ కంట్రోలర్ చిరునామా కారు తయారీదారు ఇష్టం కాబట్టి, ఫ్లో కంట్రోల్‌ను ఏ చిరునామాకు, ఏ రూపంలో పంపాలో యాప్ ప్రత్యేకంగా ఆదేశించవలసి వస్తుంది. నకళ్లు విఫలమయ్యేది సరిగ్గా ఆ ఆదేశాల దగ్గరే.

ఇక్కడ నిజమైన పురోగతి అంటే, ఈఎల్‌ఎమ్ ఆదేశాలను పూర్తిగా పాటిస్తూ వాటికి మించిన సామర్థ్యాన్ని చేర్చిన చిప్‌లు రావడం. ఎస్‌టీఎన్ 1110, ఆ తరువాత వచ్చిన ఎస్‌టీఎన్ 2120 వంటివి ఆ కోవకు చెందినవి. వీటిలో బఫర్ (జవాబును తాత్కాలికంగా దాచుకునే మెమరీ) పెద్దది. ఫోర్డ్ కార్లలోని రెండవ క్యాన్ బస్సు, జనరల్ మోటార్స్ వాడిన ఒంటితీగ క్యాన్ వంటి వాటిని కూడా కొన్ని నమూనాలు చదవగలవు. ఏదైనా టెర్మినల్ యాప్ నుంచి ఎస్‌టీఐ అని టైపు చేసి పంపితే ఈ చిప్ తన ఫర్మ్‌వేర్ (లోపలి ప్రోగ్రాము) పేరు చెబుతుంది. నకలు ఈఎల్‌ఎమ్ అయితే ప్రశ్నార్థకం వస్తుంది. ఎస్‌టీఎన్ కాని మంచి చిప్‌లు కూడా ఉన్నాయి కాబట్టి ఈ ఒక్క పరీక్షతోనే అడాప్టర్ మంచిచెడ్డలు తేల్చవద్దు గాని, పెట్టె మీది రాతల కంటే ఇది మేలు.

వేగం పెంచుకోవడానికి యాప్ చేయగలిగినది కూడా ఉంది. ఇంకెవరైనా జవాబిస్తారేమోనని చిప్ ప్రతి ప్రశ్న తరువాత కొంతసేపు కాచుకుని ఉంటుంది. ఈఎల్‌ఎమ్ 327లో ఆ గడువు మొదట 200 మిల్లీసెకన్లుగా అమర్చి ఉంటుంది. ప్రశ్న చివర 1 అని చేర్చి ఒక్క జవాబే వస్తుందని ముందే చెబితే ఆ నిరీక్షణ ఉండదు. క్యాన్ బస్సున్న కార్లలో ఒకే ప్రశ్నలో ఆరు విలువలను కలిపి అడగవచ్చు. ఈ రెండూ చక్కగా వాడుకున్న యాప్, ఖరీదైన అడాప్టర్ మీద నడిచే బద్ధకపు యాప్ కంటే ముందుంటుంది.

ఐఫోను సంగతి వేరు. పాత తరహా బ్లూటూత్‌లో సీరియల్ పోర్టును అనుకరించే పరికరాలను ఆపిల్ తన ఎమ్ఎఫ్ఐ ధ్రువీకరణ పొందితే తప్ప యాప్‌లకు అందనివ్వదు. మీ అడాప్టర్‌కు అది లేదు. బ్లూటూత్ 4.0తో వచ్చిన, తక్కువ విద్యుత్‌తో నడిచే బీఎల్ఈ అనే రకానికి ఆ నిబంధన లేదు కాబట్టి, ఐఫోనుకు బీఎల్ఈ అడాప్టరైనా, ఎమ్ఎఫ్ఐ ధ్రువీకరణ ఉన్నదైనా, వైఫైదైనా కావాలి. అయితే బీఎల్ఈ అంటే తప్పకుండా వేగమని అనుకోకండి. దాని ప్యాకెట్ మొదట్లో 20 బైట్ల సమాచారానికే పరిమితం, 4.2 నుంచి ఆ హద్దు పెరిగినా రెండు వైపులా ఒప్పుకుంటేనే అమలవుతుంది. పైగా ఫోనూ అడాప్టరూ ముందే అనుకున్న వ్యవధికి ఒకసారి మాత్రమే కలుసుకుని మాట్లాడుకుంటాయి. ప్రశ్న, జవాబు, మళ్లీ ప్రశ్న అన్న పద్ధతిలో నడిచే ఈ పనికి ఆ వ్యవధే గండి కొడుతుంది. బీఎల్ఈలో ఓబీడీ కోసం ఒప్పుకున్న ప్రామాణిక సర్వీసు అంటూ లేకపోవడం వల్ల, ఏ అడాప్టర్ ఏ గుర్తింపు సంఖ్యతో మాట్లాడుతుందో యాప్ రాసేవారు ఒక్కొక్కటిగా చేర్చుకోవలసి వస్తోంది. కాబట్టి మీరు వాడదలచిన యాప్ ఏ అడాప్టర్లను గుర్తిస్తుందో ముందు చూసుకుని, ఆ తరువాతే కొనండి.

నిదానం

వైఫై గురించి ఒక్క మాట చేర్చదలచుకున్నాను. ఈ అడాప్టర్లు తామే ఒక చిన్న నెట్‌వర్క్‌ను ప్రసారం చేస్తాయి. ఫోను దానికి కనెక్ట్ అయిన తరువాత యాప్‌లో 192.168.0.10 అనే చిరునామా, 35000 అనే పోర్టు ఇవ్వాలి. చాలావాటికి ఇవే అంకెలు. బీఎల్ఈ ఇంకా స్థిరపడని రోజుల్లో ఐఫోను వాడేవారికి దాదాపుగా ఇదొక్కటే దారి.

అయితే ఇంటర్నెట్ లేని ఆ నెట్‌వర్క్‌ను పట్టుకున్నప్పుడు కొన్ని ఫోన్లు మ్యాప్‌ను నిలిపివేస్తాయి, మరికొన్ని "ఈ వైఫైలో ఇంటర్నెట్ లేదు" అని తీర్మానించి తమంతట తామే మొబైల్ డేటాకు మారిపోయి అడాప్టర్‌తో సంబంధం తెంచుకుంటాయి. నడుస్తున్న కారులో ఇది విసుగు తెప్పించే వ్యవహారం. పైపెచ్చు వీటిలో చాలావాటికి పాస్‌వర్డే ఉండదు. నా ఉద్దేశంలో మామూలు అవసరాలకు ఇప్పుడు వైఫై అడాప్టర్ కొనడానికి కారణమేదీ కనిపించడం లేదు.

షెడ్డు_మనిషి

నేను వర్క్‌షాపులో పనిచేస్తాను కాబట్టి అటువైపు నుంచి రాస్తున్నాను. పై జవాబులో చిప్‌ల గురించి రాసినదంతా సరైనదే. కాని ఏమి చదవగలమన్నది చివరికి నిర్ణయించేది కారే.

ఓబీడీ-2 ఉద్గారాల చట్టం కోసం పుట్టినది. అమెరికాలో 1996 మోడళ్ల నుంచి, ఐరోపాలో పెట్రోలు కార్లకు 2001 నుంచి, డీజిల్ కార్లకు ఆ తరువాత తప్పనిసరి అయింది. అందువల్ల ప్రతి కారూ ఎవరి స్కాన్ టూల్‌కైనా చెప్పి తీరవలసినవి పొగకు సంబంధించిన విషయాలే. ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్, బాడీ కంట్రోల్ వంటివి ఆ చట్టం పరిధిలోకి రావు. వాటి భాష తయారీదారు సొంతం. అడాప్టర్ ఎంత మంచిదైనా, ఆ తయారీదారు నిఘంటువు యాప్‌లో లేకపోతే అది మూగదే. ఒకే అడాప్టర్‌తో ఒక యాప్‌లో రాని ఏబీఎస్ కోడ్ మరొక యాప్‌లో రావడానికి కారణం ఇదే.

తప్పనిసరిగా వచ్చేవాటిని కూడా చాలామంది సగమే వాడుకుంటారు. కోడ్ చూసి, చెరిపేసి ఊరుకుంటారు. కోడ్ చెరిపే ఆదేశం ఇచ్చినప్పుడు, దానితో పాటు లోపం తలెత్తిన క్షణంలో ఇంజిన్ వేగం, లోడు, ఉష్ణోగ్రత ఎంత ఉన్నాయో భద్రపరిచిన ఫ్రీజ్ ఫ్రేము కూడా తుడిచిపెట్టుకుపోతుంది. కారు తనను తాను పరీక్షించుకున్న రెడీనెస్ ఫలితాలు కూడా మళ్లీ మొదటికి వస్తాయి. మాకు అన్నిటికంటే పనికివచ్చేది ఆ ఫ్రీజ్ ఫ్రేమే. బండి మా దగ్గరకు తెచ్చే ముందు దయచేసి కోడ్‌లు చెరపకండి. చెరపక తప్పకపోతే ముందు స్క్రీన్ ఫొటో తీసి ఉంచండి.

పీ0420 అనే కోడ్ వస్తే కెటలిటిక్ కన్వర్టర్ (పొగను శుద్ధి చేసే భాగం) పోయిందని నేరుగా అర్థం చేసుకోకూడదు. కన్వర్టర్ సామర్థ్యం హద్దు కంటే తక్కువగా ఉన్నట్టు ఆక్సిజన్ సెన్సర్ల ద్వారా తెలుస్తోందని మాత్రమే దాని అర్థం. ఎగ్జాస్ట్ లీకు ఉన్నా, మిస్‌ఫైర్ (సిలిండర్‌లో ఇంధనం సరిగా మండకపోవడం) చాలా కాలం పట్టించుకోకుండా నడిపినా అక్కడికే చేరవచ్చు. దీర్ఘకాలిక ఫ్యూయల్ ట్రిమ్ (ఇంజిన్ కంప్యూటర్ ఇంధనాన్ని ఎంత పెంచుతోందో, తగ్గిస్తోందో తెలిపే అంకె) ఎటు మొగ్గిందో, సర్వీసు 06 అనే పరీక్షా ఫలితాల పట్టికలో ఒక్కొక్క సిలిండర్ మిస్‌ఫైర్ లెక్క ఎంత ఉందో చూసే అలవాటు చేసుకుంటే, చవక అడాప్టర్ కూడా అసలు లోపం ఎక్కడుందో వెతకడంలో నిజంగా సాయపడుతుంది. ఈ వివరాలు దాదాపు అన్ని మంచి యాప్‌లలో ఉన్నాయి, కాకపోతే మెనూలో లోపలెక్కడో ఉంటాయి.

ఇక కొత్త కార్లలో తలుపులు మూసుకుంటున్నాయి. ఫియట్ క్రైస్లర్ 2018 మోడళ్ల నుంచి సెక్యూర్ గేట్‌వే అనే యూనిట్‌ను సాకెట్‌కూ లోపలి నెట్‌వర్క్‌కూ మధ్య పెట్టడం మొదలుపెట్టింది. మరికొందరు తయారీదారులు కూడా ఆ దారిలోనే నడిచారు. అటువంటి కార్లలో చదవడం వరకు సాగుతుంది గాని, కోడ్ చెరపడం, ఫ్యాను తిప్పి చూడటం, కాలిబ్రేషన్ వంటివి చేయాలంటే ధ్రువీకరణ పొందిన టూల్, నమోదైన ఖాతా కావాలి. చవక అడాప్టర్ "పని చేయడం లేదు" అని వచ్చే ఫిర్యాదుల్లో కొన్ని నిజానికి ఈ గేట్‌వే ఫలితమే.

మరొక మాట కూడా చెప్పాలి. ఇప్పుడు కొన్ని కార్లలో అదే సాకెట్‌లోని 3, 11, 12, 13 పిన్నుల మీద ఈథర్‌నెట్ వస్తోంది. ఐఎస్‌ఓ 13400 ప్రకారం నడిచే ఈ పద్ధతిని డీఓఐపీ అంటారు. సెకనుకు 10 కోట్ల బిట్ల వేగం అంటే క్యాన్ కంటే రెండు వందల రెట్లు ఎక్కువ. పెద్ద సాఫ్ట్‌వేర్ ఫైళ్లను కంట్రోలర్లలోకి ఎక్కించడానికి అది పుట్టింది. ఆ పిన్నులు లేని బ్లూటూత్ అడాప్టర్ ఆ మార్గాన్ని చూడనైనా చూడలేదు. వైఫైకి నిజంగా పని ఉన్నది ఇక్కడే. డీఓఐపీని వైఫై ద్వారా ల్యాప్‌టాప్‌కు అందించే అడాప్టర్లు వచ్చాయి, కాబట్టి నిదానం గారి మాటను మామూలు అవసరాలకే పరిమితం చేసుకోవాలి. అయినా ప్రోగ్రామింగ్ పనికి మా షెడ్డులో మాత్రం తీగనే వాడతాము. మధ్యలో సంబంధం తెగినా, బ్యాటరీ వోల్టేజీ పడిపోయినా కంట్రోలర్ శాశ్వతంగా చచ్చిపోవచ్చు. ఆ పని స్థిరమైన విద్యుత్ సరఫరా తగిలించి, జే2534 పాస్-త్రూ (ల్యాప్‌టాప్ నుంచి కంట్రోలర్‌కు ప్రోగ్రామును అందించే) పరికరంతో చేయవలసినది.

పాతకారు_కొత్తఫోను

ఇంత ఓపికగా వివరించినందుకు కృతజ్ఞతలు. ఎస్‌టీఐ అని పంపి చూశాను, ప్రశ్నార్థకమే వచ్చింది. పెట్రోలు కారు ప్రోటోకాల్ ఏమిటని అడిగితే ఐఎస్‌ఓ 15765-4, 500 అని చూపింది, అంటే క్యాన్ అనే అనుకుంటున్నాను. మంచి అడాప్టర్ కొన్న తరువాత దాన్ని సాకెట్‌కే వదిలేయవచ్చా అన్నది ఇంకా తేలలేదు. రోజూ వంగి తీసి పెట్టడం కష్టంగా ఉంది.

సర్క్యూట్‌బోర్డు

అవును, అది క్యాన్ బస్సే, కాబట్టి వేగం విషయంలో మీకు చింత లేదు. నిద్రపోయే సౌకర్యం ఉన్న అడాప్టరైతే వదిలేయవచ్చని నా అభిప్రాయం. ఇంజిన్ ఆగిందని వోల్టేజీని బట్టి గ్రహించి, కొన్ని మిల్లీఆంపియర్ల స్థాయికి తగ్గిపోయేవి ఇప్పుడు దొరుకుతున్నాయి.

గేటు_కాపలా

నేను ఏకీభవించలేకపోతున్నాను. ముందుగా విద్యుత్ లెక్క చూద్దాం. సాకెట్‌లోని 16వ పిన్ను నేరుగా బ్యాటరీకి కలిసి ఉంటుంది. తాళంచెవి తీసేసినా అక్కడ కరెంటు ఆగదు. నిద్రపోని అడాప్టర్ 40 మిల్లీఆంపియర్లు లాగుతుందనుకుంటే రోజుకు సుమారు 1 ఆంపియర్-అవర్ పోతుంది. 45 ఆంపియర్-అవర్ల బ్యాటరీ ఉన్న కారును మూడు వారాలు కదపకపోతే దాదాపు సగం ఖాళీ అవుతుంది. కారు తాను లాగేది దానికి అదనం. పాతబడిన బ్యాటరీకి అంత గడువు కూడా ఉండదు. సర్క్యూట్‌బోర్డు గారు చెప్పినట్టు నిద్రపోయే అడాప్టర్ ఈ సమస్యను తీరుస్తుంది, అది ఒప్పుకుంటాను. విద్యుత్ కారులో కూడా 12 వోల్టుల చిన్న బ్యాటరీ ఒకటి వేరుగా ఉంటుందని, అది పడిపోతే పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా కారు మేలుకోదని మరచిపోకూడదు.

నా అసలు అభ్యంతరం భద్రత గురించి. క్యాన్ బస్సులో సందేశం ఎవరు పంపారో తెలుసుకునే ఏర్పాటు లేదు. సాకెట్ దగ్గర నుంచి వచ్చిన ఫ్రేమైనా, బ్రేకు కంట్రోలర్ నుంచి వచ్చిన ఫ్రేమైనా వినేవారికి ఒకటే. అటువంటి తీగల జతకు రేడియో తగిలించి రోజంతా వదిలేయడమంటే, ఇంటి తాళంచెవిని తలుపుకే ఉంచి ఊరెళ్లడం వంటిది. ఇది ఊహ కూడా కాదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, శాన్ డియాగో పరిశోధకులు 2015లో ఒక కార్వెట్ కారుకు తగిలించిన బీమా డాంగిల్‌కు (ఓబీడీ సాకెట్‌లో పెట్టే చిన్న అడాప్టర్‌కు) ఎస్ఎమ్ఎస్‌లు పంపి, ఆ కారు బ్రేకులను ప్రభావితం చేసి చూపారు. అది మొబైల్ నెట్‌వర్క్ ఉన్న డాంగిల్. 2017లో ఆర్గస్ అనే భద్రతా సంస్థ బాష్ వారి డ్రైవ్‌లాగ్ కనెక్ట్ డాంగిల్‌లో బ్లూటూత్ మీదుగానే లోపలికి చొరబడి, నడుస్తున్న ఇంజిన్‌ను ఆపగలిగింది. బాష్ వెంటనే స్పందించి ఆ లోపాన్ని సరిచేసింది. 2020లో ఓహయో స్టేట్ విశ్వవిద్యాలయం పరిశోధకులు మార్కెట్లో దొరికే 77 వైర్‌లెస్ ఓబీడీ డాంగిళ్లను విశ్లేషించి, ప్రతి ఒక్కదానిలోనూ కనీసం రెండు రకాల బలహీనతలు ఉన్నట్టు ప్రకటించారు. ఒక్కటీ మినహాయింపు కాలేదు.

పాత బ్లూటూత్ అడాప్టర్లలో 1234 లేదా 0000 అనే పిన్ అయినా అడుగుతుంది. బీఎల్ఈ అడాప్టర్లలో చాలావరకు అది కూడా ఉండదు. పక్కన ఆగిన వారి ఫోనులోని యాప్ కూడా అడగకుండానే కనెక్ట్ కాగలదు. ఈ ఒక్క విషయంలో కొత్తది పాతదానికంటే వెనుకబడిందని చెప్పక తప్పదు. అడాప్టర్ మీద బటన్ నొక్కితేనే కొత్త ఫోనుతో జత కలిసేటట్టు ఏర్పాటున్నవి, ఫర్మ్‌వేర్‌ను సంతకం సరిచూసుకుని మాత్రమే మార్చుకునేవి కొన్ని ఉన్నాయి. కొనేటప్పుడు బ్లూటూత్ 5 అనే మాట కంటే ఆ బటన్ ఉందో లేదో చూడమని నా సలహా.

సర్క్యూట్‌బోర్డు

బటన్ విషయంలో గేటు కాపలా గారితో పూర్తిగా ఏకీభవిస్తాను. అయితే నిద్రలో ఉన్న అడాప్టర్ రేడియో కూడా చాలా నమూనాల్లో ఆగిపోతుంది కాబట్టి, నిలిపి ఉంచిన కారుకు ముప్పు తక్కువ. ముప్పు ఎక్కువగా ఉన్నది నడుపుతున్నప్పుడే. గేట్‌వే ఉన్న కొత్త కార్లలో సాకెట్ నుంచి వచ్చే ఫ్రేములు నేరుగా బ్రేకుల దాకా చేరవన్నది కూడా గమనించాలి. షెడ్డు మనిషి గారు తలుపులు మూసుకుంటున్నాయని అన్నది ఈ కారణం చేతనే.

షెడ్డు_మనిషి

భద్రత మాట వచ్చింది కాబట్టి మరొకటి. ఈ సాకెట్ చాలా కార్లలో డ్రైవరు మోకాలికి దగ్గరగా ఉంటుంది. పొడవైన అడాప్టర్ పెట్టి వదిలేస్తే దిగేటప్పుడూ ఎక్కేటప్పుడూ కాలు తగిలి సాకెట్ పిన్నులు వంగిపోతాయి. ఊడి పెడళ్ల దగ్గర పడితే మరీ ప్రమాదం. తప్పనిసరిగా వదిలేయాలనుకుంటే పొట్టిగా ఉన్నది తీసుకోండి, లేదా చదునైన తీగ ఉన్న ఎక్స్‌టెన్షన్‌తో పక్క ప్యానెల్‌కు కట్టివేయండి.

సెల్‌లెక్క

విద్యుత్ కారు సంగతి ఎవరూ విడిగా చెప్పలేదు కాబట్టి ప్రయత్నిస్తాను. ఉద్గారాల చట్టం కోసం పుట్టిన ఓబీడీ-2 ప్రశ్నలకు, పొగే లేని కారు జవాబివ్వాలన్న నియమం చాలాచోట్ల లేదు. పదహారు పిన్నుల సాకెట్ ఉన్నా సర్వీసు 01 (ఇంజిన్ వేగం వంటి తాజా విలువలు అడిగే) ప్రశ్నలకు మౌనంగా ఉండే విద్యుత్ కార్లు అందువల్లనే కనిపిస్తాయి. బ్యాటరీ కంట్రోలర్‌ను యూడీఎస్ అనే ఐఎస్‌ఓ 14229 పద్ధతిలో, సర్వీసు 22 (ఒక్కో వివరాన్ని దాని సంఖ్యతో అడిగే ఆదేశం)తో, ఆ తయారీదారు గుర్తింపు సంఖ్యలు ఉపయోగించి అడగాలి. ఆ సంఖ్యలు చాలావరకు అధికారికంగా ప్రచురించినవి కావు. ఔత్సాహికులు ఓపికగా వెతికి పట్టుకుని పంచుకున్నవి. లీఫ్ స్పై వంటి యాప్ నిస్సాన్ లీఫ్‌కు అంత వివరంగా పనిచేయడానికి ఆ శ్రమే కారణం. కాబట్టి మీ కారు నమూనాకు ఆ పట్టిక ఎవరైనా తయారు చేశారో లేదో చూడటం అడాప్టర్ ఎంపిక కంటే ముందు జరగవలసిన పని.

పరిస్థితి మారుతోంది. కాలిఫోర్నియా వాయు వనరుల మండలి, 2026 మోడల్ నుంచి విద్యుత్ కార్లు బ్యాటరీ ఆరోగ్యం సహా కొన్ని వివరాలను ప్రామాణిక పద్ధతిలో ఇవ్వాలని నియమం చేసింది. అందుకు ఎస్ఏఈ జే1979-3 అనే ప్రమాణం సిద్ధమైంది. పెట్రోలు, డీజిల్ కార్లకు కూడా పాత సర్వీసు 01 స్థానంలో యూడీఎస్ మీద నడిచే జే1979-2ను 2023 మోడల్ నుంచి అనుమతించి, 2027 నుంచి తప్పనిసరి చేసింది. ఫ్లో కంట్రోల్‌ను సరిగా నిర్వహించి, పొడవైన జవాబులను తెంపకుండా అందించే అడాప్టరైతే ఈ మార్పుకు యాప్ నవీకరణతోనే సరిపోతుంది. మీ దగ్గరున్న నకలు చిప్ మాత్రం అక్కడ కూడా ఇలాగే సగంలో ఆగిపోయే అవకాశమే ఎక్కువ.

సెల్ వోల్టేజీలు చూసేటప్పుడు ఒక జాగ్రత్త పాటించండి. అన్నిటికంటే ఎక్కువ, అన్నిటికంటే తక్కువ వోల్టేజీల మధ్య తేడాను, కారు ఆగి కొంతసేపు విశ్రాంతిగా ఉన్నప్పుడు ఒకసారి, గట్టిగా వేగం పెంచేటప్పుడు ఒకసారి నమోదు చేయండి. రెండవ పరిశీలన పక్కన కూర్చున్నవారు చేయాలి, నడిపేవారు కాదు. విశ్రాంతిలో సమానంగా ఉండి, లోడు పడినప్పుడు ఒకే సెల్ మిగతావాటి కంటే బాగా కిందికి జారుతుంటే దాని అంతర్నిరోధం పెరిగిందని అనుమానించాలి. ఛార్జ్ బాగా తగ్గినప్పుడు తేడా కొంత పెరగడం సహజమే.

మీ రెండు కార్లకూ కలిపి ఒకటే కావాలంటే, మీ విద్యుత్ కారుకు పనికివచ్చే యాప్ తన పత్రాల్లో పేర్కొన్న అడాప్టర్లలో, ఐఫోనుతో పనిచేస్తూ, జత కలపడానికి బటన్, నిద్రపోయే సౌకర్యం రెండూ ఉన్నది ఎంచుకోండి. పెట్రోలు కారుకు అది ఎలాగూ సరిపోతుంది. కారు నమూనా, సంవత్సరం ఇక్కడ రాస్తే, దానికి సర్వీసు 22 పట్టిక ఉందేమో చూసి చెప్పగలను.